‘మీ ఇష్టం సార్’కు సాక్షి సంతకం

1983 ఫిబ్రవరిలో నన్ను మగవాళ్ల సర్జికల్ వార్డుకు హెడ్ సిస్టర్‌గా వేశారు. వరంగల్ నుంచి హసన్‌పర్తి పోయే దారిలో ఒక ట్రస్టు నడిపిన దవాఖాన అది. పేరు రాయను. ఇప్పుడది లేదు, అప్పుడు పనిచేసినవాళ్లలో చాలామంది కూడా లేరు. ఆ నెలాఖరుకే మేట్రన్ గారు పిలిచి ఇంకో పని అప్పగించారు. దవాఖానకు కొత్తగా నైతిక సంఘం పెడుతున్నారు, నర్సుల తరఫున నువ్వు కూర్చోవాలి అన్నారు. మీరే కూర్చోవచ్చు కదా అంటే, "నాకు టైమెక్కడిది? నువ్వెట్లాగూ అందరికి ఎదురు మాట్లాడ్తవు. అక్కడ మాట్లాడు, జర నాకు ఆరాముంటది" అన్నారు. ఆ రోజుల్లో నాకున్న పేరు అది.

నర్సుల ఉద్యోగంలో స్టాఫ్ నర్సు మీద హెడ్ సిస్టర్, ఆమె మీద అసిస్టెంట్ మేట్రన్, అందరి మీదా మేట్రన్. వార్డు మందుల అలమర తాళం, డ్యూటీ చార్టు, ఆపరేషన్‌కు పోయే రోగి కాగితాలు, ఇవన్నీ హెడ్ సిస్టర్ చేతి మీదుగానే నడవాలి. పేరుకు చిన్న హోదానే. కానీ ఆమె సంతకం లేనిదే వార్డులోంచి ఒక రోగి గానీ ఒక దుప్పటి గానీ బయటికి పోదు.

నైతిక సంఘం అంటే ఏమిటో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఒక మందుల కంపెనీ పుళ్లకు రాసే కొత్త మలాం మా రోగులకు వాడి చూస్తామని అడిగింది. డాక్టర్లు కానివాళ్లు కూడా ఉన్న సంఘం ఒకటి ఆ కాగితాలు చదివి సరేనంటేనే ఒప్పుకుంటామని ట్రస్టువాళ్లు షరతు పెట్టారు. ఎట్లాగూ పెడుతున్నాం కదా అని, వార్డుల్లో ఎటూ తేలని కేసులు వస్తే, అంటే చికిత్స చేయాలా వద్దా, ఎవరి మాట చెల్లాలి అన్న తకరారు వస్తే, అది కూడా ఈ సంఘమే తేల్చాలని సూపరింటెండెంటు గారు ఒక వాక్యం చేర్చారు. క్యాంటీన్లో మాకు ‘నీతుల కమిటీ’ అని పేరు పడింది. నేను పోతుంటే కాంపౌండరు "సిస్టర్, మాకు గూడ రెండు నీతులు చెప్పి పోరాదుండ్రి" అనేవాడు.

మేం ఐదుగురం. సూపరింటెండెంటు గారు అధ్యక్షులు. ఆర్.ఎం.ఓ., అంటే దవాఖాన రోజువారీ పాలన చూసే డాక్టరు, కార్యదర్శి. మినిట్సు రాయడం ఆయన పని. బయటివాళ్లు ఇద్దరు. వకీలు వెంకటనర్సయ్య గారు జిల్లా కోర్టులో ముప్పై ఏళ్లుగా సివిల్ దావాలు నడిపిన మనిషి. రెండోవారు యూసుఫ్ అలీ సాబ్. మొదట ఉర్దూ బడిలో, తర్వాత తెలుగు బడిలో హెడ్‌మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ప్యాంటు అంచుకు క్లిప్పు పెట్టుకుని సైకిల్ మీద వచ్చేవారు. ఐదో మనిషిని నేను.

మొదటి సమావేశంలో ఆ మలాం కాగితం చదివాం. అందులో రోగి సంతకం పెట్టాల్సిన వాక్యం ‘నాపై ఈ ఔషధ ప్రయోగమునకు సమ్మతించుచున్నాను’ అని ఉంది. యూసుఫ్ అలీ సాబ్ కళ్లద్దాలు తీసి, "ప్రయోగమంటె మా ఊళ్లె చేతబడి. నా మీద చేతబడి చేసుకోండ్రని ఎవడు సంతకం పెడ్తడు సాబ్?" అన్నారు. అందరం నవ్వాం. ఆ మాట కొట్టేసి ‘వాడి చూడటానికి’ అని రాయించాం. సంఘం పని అంటే ఇంతే కాబోలు, మాటలు దిద్దడం అనుకుని నేను వార్డుకు పోయాను.

ఇక్కడ ఒప్పుకోలు కాగితం సంగతి చెప్పాలి. ప్రతి కేస్ షీటు చివర ఒక అచ్చు పేజీ ఉండేది. ‘నాకు చేయబోవు శస్త్రచికిత్సను గూర్చి వివరముగా తెలియజేయబడినది’ అని మొదలవుతుంది. హౌస్ సర్జన్, అంటే చదువు చివరి ఏడు పూర్తిచేసి వార్డులో పని నేర్చుకునే కుర్ర డాక్టరు, రోగికి సంగతి చెప్పి సంతకమో నిశానో తీసుకోవాలి. నిశాని అంటే వేలిముద్ర. కింద సాక్షి గడి ఉంటుంది. అక్కడ హెడ్ సిస్టర్ సంతకం పెట్టాలి. ఆ గడిలో నేను పెట్టిన సంతకాలకు లెక్కలేదు. డ్రెస్సింగ్ ట్రాలీ తోసుకుంటూ పోతూ పెట్టాను, ఫోన్లో మాట్లాడుతూ పెట్టాను. అది ఒప్పుకోలుకు సాక్ష్యమని కాదు, ఫైలుకు కావలసిన సంతకమని పెట్టాను.

ఆగస్టులో ఒక సోమవారం పొద్దున తొర్రూరు దిక్కు నుంచి సారయ్య అనే గీత కార్మికుణ్ణి తీసుకొచ్చారు. నలభై ఏళ్లుంటాయి. వానకు పాకురు పట్టిన తాటిచెట్టు ఎక్కుతూ జారిపడ్డాడు. చీలమండ దగ్గర ఎముక విరిగి చర్మం చీలింది. ఊళ్లో కట్టు కట్టే పెద్దమనిషి వెదురుబద్దలు పెట్టి బిగించి కట్టాడు. కట్టు కింద కాలు వాచిపోయి రక్తం ఆడలేదు. ఆరో రోజు మా దగ్గరికొచ్చేసరికి వేళ్లు నల్లబడి, పాదం మీద బొబ్బలు లేచి, వాసన వార్డు గుమ్మం దాకా వచ్చింది. దీన్ని గాంగ్రీన్ అంటారు. కండ చచ్చిపోయి కుళ్లు పైకి పాకుతుంది. అది ఒంట్లోకి ఎక్కితే మనిషి దక్కడు.

సర్జన్ డాక్టర్ భాస్కరరావు గారు చూశారు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, చెయ్యి మంచిది, ఓపిక తక్కువ. రేపు పొద్దున్నే మోకాలి కింద కాలు తీసేయాలని కేస్ షీటులో ఇంగ్లీషులో రాసి వెళ్లిపోయారు. సాయంత్రం హౌస్ సర్జన్ సారయ్యకు చెప్పాడు. నేను పది అడుగుల దూరంలో పక్క మంచం దగ్గర ఉన్నాను. "పాడైన భాగం తీసేస్తామయ్యా, తీయకపోతే ప్రమాదం" అని అతను చెప్పడం విన్నాను. సారయ్య రెండు చేతులూ జోడించి "మీ ఇష్టం సార్" అనడం కూడా విన్నాను. నిశాని పడింది. నేను నడుస్తూ వచ్చి సాక్షి గడిలో సంతకం పెట్టి పోయాను.

మంగళవారం పొద్దున ఏడున్నరకు ఆపరేషన్‌కు తయారు చేసే వార్డు మంగలి వచ్చాడు. కోయబోయే చోటుకు బాగా పైదాకా వెంట్రుకలు తీయాలి. తొడ దాకా గీకుతుంటే, అంత పైకి ఎందుకని సారయ్య అడిగాడు. "కాలు తీసేస్తరు గదనే, గిక్కడిదాంక గీకుమన్నరు" అన్నాడు మంగలి. అతని తప్పేం లేదు. తనకు తెలిసింది చెప్పాడు.

సారయ్య పెట్టిన కేక ఆడవాళ్ల వార్డుకు కూడా వినిపించిందట. నేను పోయేసరికి కత్తి కింద పడి ఉంది. సారయ్య భార్య ఎల్లమ్మ మంచం కోడు పట్టుకుని నిలబడి ఉంది. "కుళ్లింది తీస్తమన్నరు. కాలు తీస్తమని ఎవలన్నరు? వేళ్లు పోతయేమో అనుకున్న. కాలు తీసుడేంది సిస్టరమ్మా?" అని సారయ్య నన్ను పట్టుకుని అడిగాడు. హౌస్ సర్జన్ పరుగున వచ్చి, నిన్న చెప్పాను కదా, పాడైన భాగం అని చెప్పాను, ఒప్పుకున్నావు కదా అన్నాడు. అతను చెప్పిందీ నిజమే. పాడైన భాగం అంటే డాక్టరుకు మోకాలి కింది వరకు, సారయ్యకు నల్లబడిన వేళ్ల వరకు. ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు, రెండు వేర్వేరు కాళ్ల గురించి.

హౌస్ సర్జన్‌ది హైదరాబాద్. ‘మీ ఇష్టం సార్’ అంటే ఏమిటో అతనికి తెలియకపోవచ్చు. నాది నర్సంపేట దగ్గరి పల్లె. నాకు తెలియదని ఎట్లా అనుకోను? మా నాయిన పట్వారి ముందు, పోలీసు పటేల్ ముందు తువ్వాల చేతిలో పట్టుకుని నిలబడి అదే మాట అనేవాడు. ‘మీ ఇష్టం దొరా.’ ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టేవాడు కాదు. ఒప్పుకున్న మనిషి నోట వచ్చే మాట కాదది. నాకు ఇష్టమనేది ఉంటుందని మీరు అనుకోవడం లేదు కాబట్టి మీరే కానివ్వండి అనడం. ఆ మాట విని పెరిగినదాన్ని, దాన్నే ఒప్పుకోలు అనుకుని కింద సంతకం పెట్టాను.

రోగిని థియేటర్‌కు పంపేటప్పుడు హెడ్ సిస్టర్ ‘తయారు’ అని చీటీ రాయాలి. అది లేకుండా ట్రాలీ కదలదు. నేను రాయలేదు. అరగంటకు భాస్కరరావు గారు థియేటర్ గౌనుతోనే వార్డుకు వచ్చారు.

"కాగితం ఉంది. నిశాని ఉంది. సాక్షివి నువ్వే. ఇంకేం తక్కువైంది?"

"సాక్షినే సార్. నేను విన్నది ‘మీ ఇష్టం’ అన్న మాట. ఆయన ఇష్టమేందో నేను వినలేదు."

ఆయన కాలు వైపు చూపించి, ఇవాళైతే మోకాలి కింద తీస్తాను, రేపటి సంగతి నేను చెప్పలేను, ఆ సంగతి మీ నీతుల కమిటీకి చెప్పు అన్నారు. మోకాలు మిగలడం అంటే చిన్న విషయం కాదు. మోకాలు ఉంటే కట్టెకాలు పెట్టుకుని మనిషి దాదాపు మామూలుగా నడవగలడు, కూర్చుని లేవగలడు. మోకాలు పోతే చంకకర్రలే దిక్కు. ఆయన బెదిరించడం లేదని నాకు తెలుసు. అయినా చీటీ రాయలేదు. సూపరింటెండెంటు గారి గదికి పోయి సంఘాన్ని ఇప్పుడే పిలవమన్నాను.

పదకొండుకు కూర్చున్నాం. వకీలు గారు కోర్టు నుంచి నల్లకోటుతోనే వచ్చారు. సంగతి వినగానే ఆయన మొదట అన్న మాట, సాక్షి తీర్పరిగా కూర్చోకూడదని. నా కుర్చీ బల్ల దగ్గర నుంచి వెనక్కి జరిపించారు. అది న్యాయమే. నేను సాక్ష్యం మాత్రం చెప్పాను. హౌస్ సర్జన్ తాను చెప్పింది చెప్పాడు. ఆర్.ఎం.ఓ. గారు మాత్రం విసుక్కున్నారు. రోగి నిశాని వేశాడు, చట్టరీత్యా కాగితం చెల్లుతుంది, ఆలస్యమైతే మనిషి పోతాడు, అప్పుడు అడిగేది మనల్నే అన్నారు.

వకీలు గారు నవ్వారు. కోర్టులో ప్రతి వాంగ్మూలం కింద ‘చదివి వినిపించగా సరియని ఒప్పుకొనెను’ అని గుమాస్తా రాస్తాడు, ముప్పై ఏళ్లలో చదివి వినిపించగా నేను విన్నది పది సార్లు ఉండదు, కాగితం చెల్లడం వేరు, మనిషి ఒప్పుకోవడం వేరు అన్నారు. యూసుఫ్ అలీ సాబ్ తన బడి సంగతి చెప్పారు. "పిల్లగాడు ‘సమజైంది సార్’ అంటె నేను పాఠం ఆపెటోణ్ణి కాదు. ఏం సమజైందో చెప్పు అనెటోణ్ణి. సగం మంది నోరు తెరవకపోదురు. గీయనను ఎవరన్న అడిగిన్రా, ఏం సమజైందని?" ఎవరూ అడగలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెత మా వృత్తికే పుట్టిందేమో.

అందరం వార్డుకు పోయాం. అక్కడ జరిగింది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. తెల్లకోట్లు, నల్లకోటు మంచం చుట్టూ నిలబడేసరికి సారయ్య ఆ జ్వరంలో లేచి కూర్చోబోయాడు. చేతులు జోడించాడు. ఎల్లమ్మ కొంగు తల మీదికి లాక్కుని గోడకు ఆనుకుంది. సూపరింటెండెంటు గారు మెత్తగానే, ఆపరేషన్ చేయాలంటున్నారు, నువ్వేమంటావయ్యా అని అడిగారు. పొద్దున అంత కేక వేసిన మనిషి తల వంచుకుని, "మీ ఇష్టం సార్" అన్నాడు.

యూసుఫ్ అలీ సాబ్ మా వైపు తిరిగి, జర మీరంతా బయటికి నడువుండ్రి అన్నారు. అధ్యక్షుణ్ణి కూడా! నన్నొక్కదాన్ని ఉండమన్నారు. మంచం కింద ఉన్న స్టూలు లాక్కుని సారయ్య మొహం కన్నా తన మొహం కిందికి ఉండేట్టు కూర్చున్నారు. "కూసో చెల్లె" అని ఎల్లమ్మను కింద కూర్చోబెట్టారు. ఎన్ని చెట్లు గీస్తవు, పొద్దుమీకి ఎన్ని లొట్ల కల్లు దిగుతది, చెట్టెక్కే మోకు నువ్వే పేనుకుంటవా అని పావుగంట కాలు మాట ఎత్తకుండా మాట్లాడారు. తర్వాత అడిగారు.

"మీ ఇష్టమన్నవు గదా. మా ఇష్టం ఇడిసిపెట్టు తమ్మీ. నీ ఇష్టమేంది?"

సారయ్య జోడించిన చేతులు దించాడు. తర్వాత, "గిది ఎన్నడు ఎవ్వలడగలె సారు" అన్నాడు. ఇంకాసేపటికి, "కాలు తియ్యొద్దు. తాళ్లెక్కెటోనికి కాలు లేకుంటె ఏం బతుకు? సచ్చినా మంచిదే" అన్నాడు. ఎల్లమ్మ ఏడ్వడం మొదలుపెట్టింది.

అడిగితే వచ్చే జవాబు మనకు నచ్చేదే అయి ఉండాలని లేదు. బల్ల దగ్గరికి తిరిగొచ్చాక ఆర్.ఎం.ఓ. గారు భార్యతో నిశాని వేయించుదామన్నారు. బుద్ధి స్థిమితంగా ఉన్న మనిషి ఒంటి మీద ఇంకొకరి నిశాని చెల్లదని వకీలు గారు కొట్టిపారేశారు. భాస్కరరావు గారిని పిలిచి చెబితే ఆయన మొహం ఎర్రబడింది. అయితే చావనిద్దామా అన్నారు. యూసుఫ్ అలీ సాబ్, "వద్దనుడు గూడ సమజైనంకనే అనాలె గద డాక్టర్ సాబ్. ఆయనకు కాలు పోతదని సమజైంది. పాణం పోతదని ఇంక సమజు కాలె. మీరు పోయి చెప్పుండ్రి, మీ నోటితోని" అన్నారు. చివరికి తీర్మానం ఇది: రోగి వద్దన్నంతవరకు కత్తి పెట్టకూడదు. సర్జన్ స్వయంగా చెప్పాలి. నాలుగు గంటలకొకసారి కుళ్లు ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు పెట్టి రోగికే చూపించి మళ్లీ అడగాలి. గుర్తు పెట్టే పని నాకు ఇచ్చారు.

భాస్కరరావు గారు వెళ్లారు. కట్టు విప్పి, ఎక్కడ ప్రాణం ఉంది ఎక్కడ లేదు వేలితో నొక్కి చూపించారు. ఓపిక లేని మనిషి ఆ రోజు పది నిమిషాలు వంగి నిలబడ్డారు. సారయ్య విని మొహం తిప్పుకున్నాడు. నేను ఊదారంగు మందులో దూది పుల్ల ముంచి నల్లదనం ఆగినచోట కాలి చుట్టూ గీత గీశాను. అప్పుడు పన్నెండు. నాలుగింటికి గీత దాటి రెండు వేళ్ల వెడల్పు పైకి వచ్చింది. ఇంకో గీత గీసి చూపించాను, అడిగాను. వద్దన్నాడు. ఎనిమిదింటికి డ్యూటీ సిస్టర్ గీసింది. వద్దన్నాడు. పెన్సిలిన్ ఇంజక్షన్లు పోతూనే ఉన్నాయి. గీతలు పైకి పోతూనే ఉన్నాయి. ‘గీత కార్మికుడు’ అన్న మాట నాకు ఆ రోజు నుంచి ఇంకోలా వినబడుతుంది.

బుధవారం పొద్దున ఆరింటికి నేను పోయేసరికి పిక్క మీదికి వచ్చింది. జ్వరం పెరిగింది, కానీ మనిషి తెలివిలోనే ఉన్నాడు. వేళ కాకముందే నేను ఇంకో గీత గీస్తుంటే ఈసారి తలెత్తి చూశాడు.

"సిస్టరమ్మా, ఇది మట్టకుళ్లా, మొవ్వుకుళ్లా?"

నాకు అర్థం కాలేదు. ఎల్లమ్మ చెప్పింది. తాటిచెట్టుకు కుళ్లు మొదట మట్టకు పడుతుందట. అప్పుడే ఆ మట్ట కొట్టేసి కాల్చేస్తే చెట్టు బతుకుతుంది. చూడకుండా వదిలేస్తే కుళ్లు లోపలికి దిగి మొవ్వుకు, అంటే చెట్టు నడినెత్తిన ఉండే లేత చిగురుకు పడుతుంది. మొవ్వు కుళ్లిన చెట్టు ఇంక చచ్చినట్టే. ఒక రోజు నుంచి మేం ఐదుగురం చదువుకున్నవాళ్లం చెప్పలేక చస్తున్న సంగతి ఆయన దగ్గర తయారుగా ఉంది. నాకు మాత్రం దానికి జవాబు తెలియదు. తెలిసినట్టు చెప్పడం అప్పటికి మానేశాను. సర్జన్ను పిలుచుకొస్తానని పోయాను.

భాస్కరరావు గారు ఆ ప్రశ్న నాతో రెండు సార్లు చెప్పించుకున్నారు. వచ్చి సారయ్య నాడి చూసి, పొట్ట నొక్కి చూసి, "ఇప్పటికి మట్ట దగ్గరే ఉంది సారయ్యా. రేపటికి మొవ్వుకెక్కుతుంది" అన్నారు. తీస్తే ఎక్కడ కోయాలో కాలి మీద వేలితో చూపించారు. ఎనిమిదింటికి సంఘం మళ్లీ కలవాలని ముందే అనుకున్నాం కాబట్టి వకీలు గారు, యూసుఫ్ అలీ సాబ్ అప్పటికి వచ్చి ఉన్నారు. సారయ్య ఎల్లమ్మ మొహం చూశాడు. తర్వాత ఎవరూ అడక్కుండానే చెప్పాడు. వకీలు గారు ఆ మాటలు కేస్ షీటులో ఆయన అన్నవి అన్నట్టే రాశారు. ఇంగ్లీషుతో నిండిన ఆ పేజీల మధ్య ఆ ఒక్క ముక్క తెలుగులో ఉంది:

‘మట్ట కుళ్లింది. మొవ్వుకెక్కకముందే కొట్టెయ్యాలె. తొడకాడికి కాలు తీస్తరు, నేను తాళ్లెక్కలేను. చెట్టు నిలవాలె. తియ్యుండ్రి.’

చదివి వినిపించాం. నిజంగానే వినిపించాం. నిశాని వేశాడు. సాక్షి గడిలో నేను సంతకం పెట్టాను. హెడ్ సిస్టర్‌నైన ఆ ఆరు నెలల్లో మొదటిసారి అది ఏమిటో తెలిసి పెట్టాను.

తొడ అన్న మాట గమనించారు కదా. అప్పటికి మోకాలి కింద కోసే వీలు పోయింది. ఆపరేషన్ బాగా జరిగింది, మనిషి దక్కాడు. మధ్యాహ్నం భాస్కరరావు గారు చేతులు కడుక్కుంటూ, నిన్నైతే మోకాలు దక్కేది సిస్టర్ అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అంటే జవాబు చెప్పేదాన్నేమో. స్టోరు రూములోకి పోయి తలుపు వేసుకుని ఏడ్చాను.

తర్వాతి వారం సంఘం కేసును సమీక్షించింది. ఆర్.ఎం.ఓ. గారు రాసుకొచ్చిన మినిట్సులో ‘రోగి అపోహ వలన చికిత్స ఒక రోజు ఆలస్యమైనది’ అని ఉంది. నేను లేచి, అపోహ రోగిది కాదు, ఆ వాక్యం కొట్టేయాలన్నాను. మరి ఏం రాయాలని అడిగారు. ‘హెడ్ సిస్టరు రోగి మాట వినకుండా సాక్షి సంతకం చేసినందువలన’ అని రాయమన్నాను. ఆయన కలం కింద పెట్టేశారు. ఈ మినిట్సు మేట్రన్‌కు పోతాయి, నీ పర్సనల్ ఫైలులో చేరతాయి, వచ్చే ఏడు నీకు అసిస్టెంట్ మేట్రన్ రావాలి, తెలిసే అంటున్నావా అని అడిగారు. ఆయనకు నా మీద పగ లేదు, మేలు కోరే అన్నారు. తెలిసే అంటున్నాను, రాయండి సార్ అన్నాను. హౌస్ సర్జన్ పేరు కూడా కలుపుదామా అని సూపరింటెండెంటు గారు అన్నారు. అతను నేర్చుకునేవాడు, అతనికి నేర్పాల్సినవాళ్లం మేము అన్నాను. భాస్కరరావు గారు ఆ పేజీ చదివి కింద తన పొడి అక్షరాలు వేశారు. ప్రమోషన్ నాకన్నా జూనియర్‌కు వచ్చింది. నాకు మూడేళ్ల తర్వాత వచ్చింది.

ఒప్పుకోలు కాగితం మార్పించడానికి మాత్రం ఇంకో ఏడాది పట్టింది. కొత్తగా చేర్చింది ఒక్కటే. సంతకానికి పైన నాలుగు ఖాళీ గీతలు, వాటి మీద ‘రోగి తన మాటల్లో చెప్పినది’ అని అచ్చు. మిగతా హెడ్ సిస్టర్లు నన్ను తిట్టుకున్నారు. ఉన్న చాకిరీ చాలనట్టు ఇదొకటి నెత్తిన పెట్టావు అన్నారు. కొందరు అన్ని కాగితాల్లో ఒకే వాక్యం రాసి పెట్టేవారు. అట్లాంటివి దొరికినప్పుడల్లా నేను వెనక్కి పంపాను. పోట్లాడాను. యూసుఫ్ అలీ సాబ్ నెలకొకసారి వచ్చి కేస్ షీట్లు ముందేసుకుని పరీక్ష పేపర్లు దిద్దినట్టు చదివేవారు. ‘కడుపుల గడ్డున్నదట, కోసి తీస్తరట, ఇగ పిల్లలు పుట్టరట, నాకు సమ్మతమే’ అని రాసి ఉంటే పక్కన చిన్న టిక్కు పెట్టేవారు.

ఏడాదిన్నర తర్వాత సారయ్య చంకకర్రల మీద వార్డుకు వచ్చాడు. తమ్ముడు చెట్లెక్కుతున్నాడని, తాను కింద కూర్చుని కల్లు అమ్ముతున్నానని చెప్పాడు. అడగకూడదేమో అనుకుంటూనే, ఒక సంగతి అడిగాను. ఆ మంగళవారం నేను ఆపకుండా థియేటర్‌కు పంపి ఉంటే మోకాలు మిగిలేది, నేను ఆపింది తప్పేనా అని. ఆయన కర్రలు గోడకు ఆనించి ఆలోచించాడు.

"మోకాలుంటె మంచిగుంటుండె సిస్టరమ్మా. సోమారం నాడే గట్ల అడిగితె అయిపోతుండె గదా" అన్నాడు.

తర్వాత ఇరవై ఏళ్లు సర్వీసు చేశాను. ఇంకా రెండు దవాఖానల సంఘాల్లో కూర్చున్నాను. రోగిని అడగాలా, వైద్యాన్ని ఆలస్యం చేయకుండా ఉండాలా అని అక్కడ పెద్ద పెద్దవాళ్లు వాదించుకోవడం విన్నాను. వేళకు అడిగితే ఆ వాదానికి చోటే లేదని సారయ్య కేసులో తెలుసుకున్నాను. రోగి మాటల్లో ఒప్పుకోలు వినడానికి పట్టేది ఒక పావుగంట. ఆ సోమవారం సాయంత్రం నా దగ్గర ఆ పావుగంట ఉండింది.